కేకు వెలలో మన కూలి ఎంత?

(ఇంటి నుండి కేకులు తయారుచేసి అమ్ముకుంటున్న మహిళల కోసం గుంటూరులో ఏర్పాటుచేసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కేకు ఎట్లా చేయాలో చెప్పడానికి మేము రాలేదు. ఆ విద్యలో ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది మాకంటే ఆరితేరినవారు. మేము మాట్లాడదలచినది కేకు లెక్క గురించి. ఆ లెక్కలో ఎవరి పేరు రాస్తున్నాము, ఎవరి శ్రమను రాయకుండా వదిలివేస్తున్నాము అన్నదాని గురించి. మైనారిటీల హక్కులను గురించి మాట్లాడవలసిన వేదికపై మైదా, చక్కెర ధరలు ఎందుకని కొందరు పెద్దలు అనుకోవచ్చును. రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, విద్యార్థుల ఉపకార వేతనాలు ఎంత ముఖ్యమైనవో మాకు తెలియనిది కాదు. అయితే జీవనోపాధి కూడా హక్కే. రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం ఏ వృత్తినైనా, ఏ వ్యాపారాన్నైనా చేసుకొనే స్వేచ్ఛను పౌరులందరికీ ఇచ్చింది. వంటగదిలో కూర్చుని ఆ స్వేచ్ఛను వాడుకుంటున్న స్త్రీకి చేతికి దక్కుతున్నది ఎంత అన్న ప్రశ్న ఏ సభలోనూ రావడం లేదు. అందుకని ఈ సభలో దానినే తీసుకున్నాము.

బేకరీ పని మన సమాజానికి కొత్త కాదు. హైదరాబాదులో ఉస్మానియా బిస్కట్టు, మొహర్రం నెలలో కాల్చే దమ్ కే రోట్ ఎరుగనివారు లేరు. మన కోస్తా పట్టణాలలో అయ్యంగార్ బేకరీలు, కేరళ వారి బేకరీలు పేరు తెచ్చుకున్నా, లోపల భట్టీ దగ్గర రాత్రంతా రొట్టెలు కాల్చినవారిలో మనవారు ఎందరో ఉన్నారు. కానీ ఆ భట్టీ మగవారిది. ఇంట్లో నాన్‌ఖటాయీ పిండి కలిపింది స్త్రీలే అయినా, పళ్ళెం వీధి చివరి భట్టీకి వెళ్ళి రావలసిందే. అక్కడికి ఆమె వెళ్ళేది కాదు, పిల్లవాడిని పంపేది. బల్లపై పెట్టుకొనే కరెంటు ఓవెన్ వచ్చిన తరువాత ఆ భట్టీ ఆమె వంటగదిలోకి వచ్చింది. ఫోను వచ్చిన తరువాత దుకాణం కూడా అక్కడికే వచ్చింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై ఆటోలు ఆగి, మెకానిక్కు షెడ్లు, చెప్పుల దుకాణాలు, దర్జీ కొట్లు మూతపడినప్పుడు మన ఇళ్ళలో ఎందరో ఆడవారు సరదాగా నేర్చుకున్న కేకును బియ్యం, పప్పుల కోసం అమ్మడం మొదలుపెట్టారు. దుకాణాలు తెరిచిన తరువాత కూడా ఆ అమ్మకం ఆగలేదు. ఇంటి ఖర్చులో ఒక భాగం దానిపైనే నిలబడి ఉన్నది.

ఇప్పుడు లెక్కకు వద్దాము. ఈ లెక్క మేము ఇంట్లో కూర్చుని ఊహించినది కాదు. కొందరు సోదరీమణులతో కూర్చుని, వారి కొనుగోలు చీటీలు ముందు పెట్టుకొని కట్టినది. ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారుతాయి గనుక అంకెలను మీ ఇంటికి తగినట్లు మార్చుకోండి. పద్ధతిని మాత్రం మార్చవద్దు.

కిలో బటర్‌స్కాచ్ కేకు, గుడ్డుతో చేసినది. మైదా 150 గ్రాములు, 8 రూపాయలు. చక్కెర పాకంతో కలిపి 200 గ్రాములు, 10. గుడ్లు నాలుగు, 28. నూనె 16. పాలు, బేకింగ్ పౌడరు, ఎసెన్సు కలిపి 15. విప్పింగ్ క్రీమ్ 350 గ్రాములు, 85. బటర్‌స్కాచ్ పలుకులు, పాకం 25. బోర్డు, పెట్టె 40. కొవ్వొత్తి, కత్తి, పేరు చీటీ 13. మొత్తం 240 రూపాయలు. అమ్మకం ధర 500. మిగిలినది 260. సగానికి పైగా లాభం! ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. కేకు తరగతులు చెప్పేవారు బోర్డు మీద రాసి చూపించేది కూడా ఇంతవరకే.

ఇక రాయని ఖర్చులు రాద్దాము. ఓవెనుకు, ఫ్రిజ్జుకు కరెంటు 20 రూపాయలు అనుకోండి. ఇంటి మీటరులో యూనిట్లు పెరిగేకొద్దీ పైవాటి రేటు కూడా పెరుగుతుంది గనుక వేసవిలో ఇది ఇంకా ఎక్కువే. ఓవెను 9,000, బీటరు 2,000, అచ్చులు, తిరుగుడు బల్ల, నాజిళ్ళు 3,000, మొత్తం 14,000 పెట్టుబడి. మూడేళ్ళు పనిచేస్తాయనుకుని నెలకు 12 కేకుల చొప్పున పంచితే ఒక్కో కేకుపై 32 రూపాయలు పడుతుంది. ఇరవై కేకులలో ఒకటి కుంగిపోవడమో, మాడిపోవడమో, స్పీడ్ బ్రేకరు దగ్గర పక్కకు ఒరిగిపోవడమో జరుగుతుంది. దానికి 12. ఇంటికి చేర్చడానికి పెట్రోలు 30. ఇవన్నీ కలిపి 94 రూపాయలు. ఇప్పుడు మిగిలినది 260 కాదు, 166.

ఈ 166 రూపాయలు ఎన్ని గంటలకు? ఫోనులో ఫోటోలు పంపి, రంగు, రుచి, పేరు అక్షరాలు మాట్లాడుకోవడానికి అరగంట. సరుకుల కోసం అరగంట. పిండి కలిపి కాల్చడానికి గంటన్నర. చల్లారిన తరువాత పొరలు కోసి, క్రీమ్ గిలకొట్టి, పూసి, అలంకరించడానికి గంటన్నర. జిడ్డు పాత్రలు కడగడానికి అరగంట. మొత్తం నాలుగున్నర గంటలు. గంటకు 37 రూపాయలు కూడా పడలేదు. ఎనిమిది గంటల రోజుకు కడితే 295 రూపాయలు. 2024-25 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి కేంద్రం నిర్ణయించిన రోజు కూలి 300 రూపాయలు. చెరువు పూడిక తీసే మనిషి కూలిని ప్రభుత్వం గజెట్టులో ప్రకటిస్తుంది. ఇంత నేర్పుతో గులాబీ రేకులు చుట్టే మన సోదరి కూలిని ఎవరూ ప్రకటించరు. ఆమె కూడా ప్రకటించుకోదు. అంతకంటే తక్కువకు పనిచేస్తూ, లాభం వచ్చిందనుకుంటుంది.

ఇది ఇంకా పూర్తి ధర చెల్లించే కొనుగోలుదారు సంగతి. “ఆపా, మనం మనం బంధువులమే కదా, నాలుగు వందలకు ఇవ్వండి” అన్నవారికి అమ్మితే మిగిలేది 66 రూపాయలు. గంటకు 15 రూపాయలు కూడా కాదు. ఆ బంధువే పెద్ద బేకరీకి వెళ్ళి అద్దాల వెనుక ఉన్న కేకును చీటీ మీద రాసిన ధరకు మారు మాట లేకుండా కొంటారు. అద్దాల దుకాణంలో అద్దె కనబడుతుంది, జీతగాళ్ళు కనబడతారు. ఇంట్లో చేసినదానిలో పిండి, గుడ్లు మాత్రమే కనబడతాయి. చేసిన మనిషి కనబడదు.

కాబట్టి వెల ఎట్లా కట్టాలి? సరుకు 240. రాయని ఖర్చులు 94. గంటకు 75 రూపాయల చొప్పున నాలుగున్నర గంటల కూలి 337 రూపాయల 50 పైసలు. మొత్తం 671 రూపాయల 50 పైసలు. ఇందులో లాభం ఇంకా లేదు, కూలి మాత్రమే. ఇంత చెబితే ఎవరు కొంటారని మీలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఆ భయం న్యాయమైనదే. ఒక్కరోజులో వెల పెంచమని మేము చెప్పడం లేదు. ముందు గంటలు తగ్గించుకోవచ్చును. ఒక రోజు ఒకటి, మరునాడు ఒకటి అని తీసుకోకుండా వారంలో మూడు రోజులు మాత్రమే ఆర్డర్లు తీసుకుంటే, ఒకే బజారు పయనంతో, ఒకే ఓవెను వేడితో, ఒకే కడుగుడుతో మూడు కేకులు ఎనిమిది గంటలలో పూర్తవుతాయి. పాత ధరకే అమ్మినా మూడు 166లు కలిసి 498 రూపాయలు, గంటకు 62 పడుతుంది. మరొక మార్గం, క్రీమ్ లేని సరుకు. నాన్‌ఖటాయీ, రస్కులు, టీ కేకులు కిలోల లెక్కన ఒకేసారి చేసి డబ్బాలో పెట్టుకోవచ్చును. మే నెలలో గుంటూరు ఎండకు క్రీమ్ కేకు వీధి మలుపు తిరిగేలోగా జారిపోతుంది. రస్కుకు ఆ బాధ లేదు. దానిపై ఫోటో తీసి పెట్టుకొనేంత అందం లేదన్నది నిజమే. అందం కోసం క్రీమ్ కేకు, ఆదాయం కోసం రస్కు అని ఒక సోదరి మాతో నవ్వుతూ అన్నది.

సగం డబ్బు ముందుగా తీసుకోనిదే పిండి కలపవద్దు. దీనిపై మేము ఎక్కువ చెప్పము. చేతికాలిన వారందరికీ తెలుసు.

ఈ పరిస్థితి మనకు మాత్రమే పట్టినది కాదు గానీ, మనకు ఎక్కువగా పట్టినది. జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన 2005లో నియమితమైన కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికను మన సభలలో తరచుగా తలుస్తాము. ఉద్యోగాలలో మన శాతం ఎంత, చదువులో ఎంత అన్న పుటలే అందరికీ గుర్తు. అదే నివేదికలో స్వయం ఉపాధిపై ఒక అధ్యయనం ఉన్నది. పనిచేస్తున్న ముస్లిం మహిళలలో 73 శాతం స్వయం ఉపాధిలోనే ఉన్నారని, హిందూ మహిళలలో అది 60 శాతమని ఆ నివేదిక చెప్పింది. స్వయం ఉపాధి అన్న మాట వినడానికి గౌరవంగా ఉంటుంది. అయితే అందులో అధిక భాగం గడప దాటని పని. బీడీలు చుట్టడం, జరీ కుట్టడం, అగరుబత్తులు చేయడం, గాజులకు రాళ్ళు అతకడం. వెల నిర్ణయించేది ఎవరో, చేసేది మరెవరో. కేకు ఆ వరుసలో కొత్తగా చేరినది. ఒక్క మేలు మాత్రం ఉన్నది. బీడీకి వెల కంపెనీ చెబుతుంది, కేకుకు వెల మనమే చెప్పవచ్చును. ఆ అవకాశం చేతిలో ఉండి కూడా బీడీ కూలికి కేకు అమ్మడం మాకు బాధ కలిగిస్తున్నది.

ఇంటి నుండి పనిచేసే శ్రామికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. ఆ ఒడంబడిక వెనుక ఇలా భట్ స్థాపించిన ‘సేవా’ సంఘం వంటివాటి కృషి ఎంతో ఉన్నది. మన దేశం నేటికీ దానిని ధ్రువీకరించలేదు. ఇక మన దేశంలో 2017-18 నుండి జరుగుతున్న శ్రామిక శక్తి సర్వేలో ప్రతి మనిషి పేరు పక్కన ఒక సంఖ్య వేస్తారు. సొంత పని చేసుకొనేవారికి 11. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సహాయం చేసేవారికి 21. ఇంటి పనులు మాత్రమే చూసుకొనేవారికి 92. సర్వే మనిషి వచ్చి తలుపు తట్టినప్పుడు ఎవరు జవాబు చెబుతున్నారు? “మా ఆవిడ ఏమీ చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది” అని గుమ్మం దగ్గర మగవారు చెబుతారు. లోపల ఓవెను గంట మోగుతూ ఉంటుంది. ఆమె 92 అయిపోతుంది. అటువంటి 92లన్నీ కలిసి, ముస్లిం స్త్రీలు పని చేయరు అన్న వాక్యంగా పత్రికలలో అచ్చవుతాయి. జనగణన 2027 మార్చి 1ని సూచక తేదీగా పెట్టుకొని జరగనున్నది. ఏమి పని చేస్తారని అడిగినప్పుడు జవాబు మీ నోటితో మీరే చెప్పండి.

శిక్షణల గురించి ఒక మాట. ఇది కొందరికి నచ్చకపోవచ్చును. ఒకప్పుడు ముస్లిం స్త్రీకి సహాయమంటే కుట్టుమిషను. ప్రభుత్వమూ అదే ఇచ్చేది, దాతలూ అదే ఇచ్చేవారు. ఇప్పుడు కేకు తరగతి. ఐదారు వేలు తీసుకొని మూడు రోజులు నేర్పి, ఒక యోగ్యతా పత్రం ఇచ్చి, ఫోటో తీసి పంపుతున్నారు. ఒకే పేటలో యాభై మందికి ఒకే కేకు నేర్పితే వారందరూ ఎవరికి అమ్మాలి? ఆ వీధికే, ఒకరికంటే ఒకరు తగ్గించి అమ్మాలి. 600లో మొదలైనది 500కు, అక్కడినుండి 450కు దిగుతుంది. నేర్పినవారికి మాత్రం ప్రతి బృందంతోనూ ఆదాయం వస్తూనే ఉంటుంది. తరగతులు వద్దని మేము అనడం లేదు. రుచితో పాటు వెల కట్టడం నేర్పని తరగతికి డబ్బు కట్టవద్దని అంటున్నాము. ఒకే పేటలోని వారు పోటీపడి వెల దించుకొనే బదులు కూర్చుని మాట్లాడుకొని, ఇంతకంటే తక్కువకు కిలో కేకు ఇవ్వబోమని ఒక మాట అనుకోవడానికి ఏ తరగతీ అవసరం లేదు.

ఇక పేరు సంగతి. దీనిని గురించి మాట్లాడడానికి మేము ఎక్కువ సమయం తీసుకుంటాము, క్షమించండి.

మీ పెట్టెల మీద అతికించే చీటీలను మేము చూశాము. చాలావాటిపై ఇంగ్లీషు పేర్లు ఉన్నాయి. తీపి అని, ఓవెన్ అని, ఇల్లు అని అర్థం వచ్చే పేర్లు. చేసినవారి పేరు ఎక్కడా లేదు. ఎందుకని అడిగితే కొందరు, ఇంగ్లీషు పేరైతే బాగుంటుందన్నారు. కొందరు మాత్రం గొంతు తగ్గించి, పేరు చూస్తే ఆర్డర్లు తగ్గుతాయన్నారు. ఒక సోదరి చెప్పినది వినండి. రెండేళ్ళు ఆమె దగ్గర కేకులు తీసుకున్న ఒక కుటుంబం, డబ్బు పంపేటప్పుడు ఫోనులో ఆమె పూర్తి పేరు మొదటిసారి చూసి, ఆ తరువాత మళ్ళీ ఫోను చేయలేదు. మరొక సోదరి చెప్పినది కూడా వినాలి. ఆమె పేరు తెలిసిన తరువాత ఒక హిందూ కుటుంబం ప్రతి పుట్టినరోజుకూ ఆమెనే పిలుస్తున్నది. డిసెంబరు నెలలో క్రైస్తవ సోదరులు ఆమె ప్లమ్ కేకు కోసం వరుసకట్టి ముందుగానే చెప్పుకుంటున్నారు. రెండూ మన ఊరి సంగతులే. ఒకదానిని మాత్రమే చెబితే అది అబద్ధమవుతుంది.

భయానికి కారణం లేదని మేము చెప్పలేము. 2020 మే నెలలో చెన్నైలో ఒక బేకరీ యజమాని తన దగ్గర ముస్లిం పనివారు లేరని ప్రకటన ఇచ్చుకొని అరెస్టయ్యాడు. ఆ ఏడాదే ఆహారంలో ఉమ్మివేస్తారన్న పుకార్లు ఫోనుల నిండా తిరిగాయి. 2024 జూలైలో కాఁవడ్ యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలపై యజమానుల పేర్లు రాయాలని ఉత్తరప్రదేశ్‌లో, ఉత్తరాఖండ్‌లో ఆదేశాలు వెలువడ్డాయి. 2024 జూలై 22న సుప్రీంకోర్టు వాటిపై మధ్యంతర స్టే ఇచ్చింది. ఏ రకం ఆహారం అమ్ముతున్నారో చెప్పమని అడగవచ్చును, యజమాని పేరు, పనివారి పేర్లు రాయమని బలవంతపెట్టరాదు అన్నది ఆ ఉత్తర్వు సారాంశం. ఆ ఆదేశాలు రోడ్డు పక్క దుకాణాల కోసం వచ్చినవే అయినా, మీ పెట్టె మీది చీటీకి కూడా వాటితో సంబంధం ఉన్నది. పేరు రాసుకోవడం మీ ఇష్టం. రాయకపోవడమూ మీ ఇష్టమే. రాయనివారిని పిరికివారని మేము అనము. ఆమె పొయ్యి వెలగాలి, పిల్లల ఫీజు కట్టాలి. అయితే పెట్టె మీద పేరు లేకపోయినా, కాగితం మీద మాత్రం ఆమె పేరు ఉండి తీరాలి. పెట్టె కొనుగోలుదారు కోసం. కాగితం ఆమె కోసం.

ఆ కాగితం ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఇచ్చే నమోదు పత్రం. 2006 చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉన్న చిన్న వ్యాపారికి లైసెన్సు అవసరం లేదని, నమోదు చాలని చెప్పాయి. ఫీజు ఏడాదికి వంద రూపాయలు. ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా వివరాలు ఇస్తే 14 అంకెల సంఖ్య వస్తుంది. ఆ వంద రూపాయల పనికి వెయ్యీ, రెండు వేలూ తీసుకొనే మధ్యవర్తులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. అంతకంటే మమ్మల్ని కలవరపెట్టినది మరొకటి. మేము చూసిన పత్రాలలో కొన్ని భర్త పేరున, ఒకటి రెండు మరిది పేరున ఉన్నాయి. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళినది ఆయన గనుక ఆయన ఆధారే ఇచ్చి వచ్చారట! చేతిలో చమ్చా ఈమెది, వ్యాపారం ఆయనది. రేపు బ్యాంకుకు వెళితే బేకరీ ఆయనది, సర్వే వస్తే ఈమె 21, కాదంటే 92. ఇల్లు విడిపోయే పరిస్థితి వస్తే, ఆ కీడు ఎవరికీ రాకూడదు గాక, ఐదేళ్ళుగా సంపాదించుకొన్న ఆ సంఖ్య కూడా ఆయన వెంటే వెళుతుంది.

ధర్మం పేరు చెప్పి దీనిని సమర్థించేవారికి ఒక విన్నపం. స్త్రీ సంపాదన స్త్రీదే అన్నది, ఇంటి పోషణ భారం భర్తదే అన్నది మన ఉలమాలు వివాదం లేకుండా చెప్పే మాట. ఖదీజా రజి అల్లాహు అన్హా పేరును వ్యాపారం గురించిన ప్రతి ఉపన్యాసంలోనూ తలుస్తాము. ఆమె తన పెట్టుబడితో, తన పేరుతో, ఇతరుల చేత వర్తకం చేయించిన స్త్రీ. ఆమె పేరు మీద ప్రసంగాలు చేస్తూ, మన ఇంటి ఆడపడుచు ఫోన్‌పే మాత్రం మన ఖాతాకు కలిపి ఉంచుకోవడం ఎట్లా పొసగుతుందో పెద్దలే ఆలోచించాలి. కేకు డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి. తరువాత ఇంటికి ఆమె ఇచ్చేది ఆమె దయ.

పుట్టినరోజు కేకు మన సంప్రదాయం కాదని అభ్యంతరం చెప్పేవారు కూడా ఉన్నారు. ఆ చర్చలో మేము తీర్పు చెప్పేవారము కాము. బొమ్మల కేకులు, మనుషుల ముఖాల ఫోటో కేకులు చేయబోమని నిర్ణయించుకున్న సోదరీమణులు మనలో ఉన్నారు. అది వారి అంతరాత్మ విషయం. కొనుగోలుదారుకు ఆ మాట ఆర్డరు తీసుకునేటప్పుడే మర్యాదగా చెప్పండి, ఇచ్చే రోజు ఉదయం కాదు. సరుకు విషయంలో కూడా అంతే స్పష్టత అవసరం. సీసా వెనుక సన్న అక్షరాలు చదవండి. జెలటిన్‌ను 441 అన్న సంఖ్యతో, పురుగుల నుండి తీసే కార్మైన్ ఎరుపును 120 అన్న సంఖ్యతో సూచిస్తారు. కేకు జెల్‌లలో కనబడే 471 మొక్కల నుండి కూడా రావచ్చును, జంతువుల కొవ్వు నుండి కూడా రావచ్చును. డబ్బా మీద ఆకుపచ్చ గుర్తు ఉన్నదానినే కొంటే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. కొన్ని ఎసెన్సులలో ఆల్కహాలు ద్రావకంగా ఉంటుంది. ప్లమ్ కేకుకు ఎండుద్రాక్షలను రమ్ములో నానబెట్టకుండా నారింజ రసంలో నానబెడతామని ముందే చెబితే, కాదన్న క్రైస్తవ సోదరులు మాకు ఇంతవరకు తారసపడలేదు. గుడ్డు ఉన్న కేకు చట్టం ప్రకారం మాంసాహారపు గుర్తు కిందికే వస్తుంది. గుడ్డు లేనిదని చెప్పి అమ్మేటప్పుడు గిన్నె, గరిటె, బీటరు పుల్లలు కూడా వేరుగా ఉంచుకోండి. మన గిన్నెల గురించి మనం ఎంత పట్టింపుగా ఉంటామో, ఎదుటివారి పట్టింపును కూడా అంతే గౌరవంగా చూడాలి.

అప్పు గురించి అడుగుతున్నారు. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకంలో ‘శిశు’ విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ లేకుండా బ్యాంకు అప్పు ఇవ్వవచ్చును. ఇవ్వవచ్చును అన్న మాటకు, ఇస్తారు అన్న మాటకు మధ్య ఎంత దూరమున్నదో మన పేటలవారికి బాగా తెలుసు. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను అప్పులకు అనుకూలం కాని మండలాలుగా గుర్తుపెట్టుకొంటున్న సంగతి సచార్ నివేదికలోనే ఉన్నది. కాదన్నప్పుడు కారణం కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. అట్లా అడిగిన తరువాత దరఖాస్తు కదిలిన సందర్భాలు మేము చూశాము. వడ్డీ వద్దనుకొనేవారికి ఉన్న దారులు చీటీ, బంగారం అమ్మకం, వడ్డీలేని సహాయ నిధులు. డ్వాక్రా సంఘంలో ఉన్నవారికి అది మరొక తలుపు. ఏ దారిలోనైనా, మొదటి ఆరు నెలలు అప్పు చేసి పెద్ద ఓవెను కొనవద్దన్నది మా సలహా. చిన్న ఓవెనుతో, ఒక నోటుపుస్తకంతో సాగించండి. ఎడమ పుటలో వచ్చిన డబ్బు, కుడి పుటలో పోయిన డబ్బు, కింద గంటలు. ఆరు నెలల పుస్తకం చేతిలో ఉంటే బ్యాంకు మేనేజరుతో మాట్లాడే గొంతు కూడా మారుతుంది. ఆ పుస్తకం చూసి, ఈ పని మానేసి రస్కులే చేసుకుందామనో, అసలు వద్దనో మీరు తేల్చుకున్నా అది కూడా మంచి నిర్ణయమే.

అస్ర్ నమాజుకు ఇంకా అరగంట ఉన్నది. వెనుక కిటికీ పక్కన రెండు బల్లలు వేయించాము. మా వాళ్ళు ఇద్దరు అక్కడ కూర్చుంటారు. ఆధార్ కార్డు, ఒక ఫోటో తెచ్చినవారు నమోదు దరఖాస్తు ఇప్పుడే నింపుకోవచ్చును. దరఖాస్తు మీ ఫోను నుండి, మీ నంబరుతోనే వెళుతుంది. వంద రూపాయల ఫీజు కూడా మీ ఖాతా నుండే కట్టండి, మేము కట్టము. భర్త పేరున పత్రం ఉన్నవారు దానిని కూడా చూపించండి, మీ పేరున కొత్తది ఎట్లా తీసుకోవాలో చెబుతారు. అద్దె ఇంట్లో ఉన్నవారు చిరునామా కాగితం విషయమై ముందుగా రెండవ బల్ల దగ్గరకు వెళ్ళండి, అక్కడ కొంచెం ఆలస్యమవుతుంది.